‘నరాల బలహీనత’ నుండి శిశ్న ఇంప్లాంటు వరకు: అంగస్తంభన లోప చికిత్స – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: అంగస్తంభన లోపాన్ని తెలుగునాట ‘నరాల బలహీనత’గా వ్యవహరించడం పరిపాటి. ఈ వ్యవహారం వ్యాధి మూలాన్ని మరుగుపరచి, చికిత్సను ఆలస్యం చేస్తున్నది. మందులు ఫలించని సందర్భంలో శిశ్న ఇంప్లాంటు శస్త్రచికిత్స ఎలా పనిచేస్తుంది, ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు అన్న అంశాలను కొడవలూరు వంటి గ్రామీణ నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంగస్తంభన లోపం, మధుమేహం, శిశ్న ఇంప్లాంటు, సమ్మతి, కొడవలూరు.

1. ప్రస్తావన

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో నెల్లూరు నగరానికి ఉత్తరాన, కోవూరు దాటిన తరువాత వచ్చే మండల కేంద్రం కొడవలూరు. వరిసాగు ప్రధానమైన ఇటువంటి ఊళ్లలో మధుమేహం ‘షుగరు’గా, రక్తపోటు ‘బీపీ’గా నిత్య సంభాషణలో చేరిపోయాయి. అంగస్తంభన లోపానికి మాత్రం నలుగురిలో పలకదగిన పేరు ఏర్పడలేదు. గోడప్రకటనల ద్వారా వ్యాపించిన ‘నరాల బలహీనత’ అన్న మాటే దానికి ముసుగుగా నిలిచింది. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని చెప్పే మందుల ప్రకటనలను 1954 నాటి ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్’ చట్టం నిషేధించింది. అయినా ఆ ప్రకటనలు సమసిపోలేదు. సిగ్గుతో మౌనంగా ఉన్న వ్యక్తికి ముందుగా ఎదురయ్యేది తరచుగా ఆ గోడరాతే.

2. వ్యాధి మూలం

అంగస్తంభన ప్రధానంగా రక్తప్రసరణకు సంబంధించిన ప్రక్రియ. శిశ్నంలో పక్కపక్కనే స్పంజి వంటి కణజాలంతో నిండిన రెండు గొట్టాలున్నాయి. ఉద్దీపన కలిగినపుడు నాడుల చివర్ల నుండీ రక్తనాళాల లోపలి పొర నుండీ నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, ధమనులు వ్యాకోచిస్తాయి. రక్తం గొట్టాలను నింపుతుంది. ఉబ్బిన కణజాలం సిరలను అదిమివేయడంతో ఆ రక్తం లోపలే నిలుస్తుంది. కాలువ నీరు కయ్యలోకి పారిన తరువాత మడవ కడితేనే నీరు నిలిచినట్లు, ఇక్కడ రాకడ, నిలుపుదల రెండూ అవసరం. నాడులు మడవ దగ్గర మనిషి వంటివి. కాలువే పూడిపోతే అతడు చేయగలిగింది స్వల్పం.

మధుమేహం, అధిక రక్తపోటు, పొగతాగడం, కొవ్వు పేరుకోవడం రక్తనాళాలను దెబ్బతీస్తాయి. మధుమేహం నాడులను కూడా విడిచిపెట్టదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో మధుమేహ బాధితుల సంఖ్యను సుమారు 10 కోట్లుగా అంచనా వేసింది. శిశ్న ధమనులు హృదయ ధమనుల కంటే సన్ననివి. అందువల్ల గుండెజబ్బు బయటపడడానికి కొన్నేళ్ల ముందే ఈ లోపం కనిపించవచ్చు. దీనిని ‘నరాల బలహీనత’గా భావించి లేహ్యాలతో కాలం గడిపే వ్యక్తి పోగొట్టుకునేది దాంపత్య సుఖాన్ని మాత్రమే కాదు, గుండెను కాపాడుకోగల వ్యవధిని కూడా.

3. చికిత్సా క్రమం

శస్త్రచికిత్స తొలి మెట్టు కాదు. చక్కెర, రక్తపోటు, కొవ్వు, అవసరమైతే టెస్టోస్టెరాన్ పరీక్షలు, వాడుతున్న మందుల సమీక్ష, మానసిక కారణాల పరిశీలన ముందు జరగాలి. 1998లో అమెరికాలో ఆమోదం పొందిన సిల్డెనాఫిల్, ఆ కోవకు చెందిన ఇతర మాత్రలు చాలామందికి ఉపకరిస్తాయి. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారికి మాత్రం ఇవి ప్రాణాంతకం కాగలవు. కనుక వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో కొనడం ప్రమాదం. మాత్రలు ఫలించనపుడు శూన్యపీడన పరికరం, శిశ్నంలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇవి పనిచేయనివారికి, లేదా వీటిని వాడలేనివారికి, వాడడానికి ఇష్టపడనివారికి ఇంప్లాంటు మార్గం మిగులుతుంది. దీర్ఘకాల మధుమేహ బాధితులు, ప్రోస్టేట్ క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగినవారు వీరిలో ముఖ్యులు.

4. ఇంప్లాంటు రకాలు

1973లో అమెరికా వైద్యుడు ఎఫ్. బ్రాంట్లీ స్కాట్, ఆయన సహచరులు ద్రవంతో నిండే ఇంప్లాంటును ప్రకటించారు. నేటి పరికరాలు ఆ సూత్రంపైనే ఆధారపడ్డాయి. ఇందులో శిశ్నంలో అమర్చే రెండు గొట్టాలు, వృషణాల సంచిలో చిన్న పంపు, పొత్తికడుపులో సెలైన్ తిత్తి ఉంటాయి. పంపును నొక్కితే తిత్తిలోని ద్రవం గొట్టాలలోకి చేరి బిగువు వస్తుంది. విడుదల మీటను నొక్కితే ద్రవం వెనుకకు మళ్లుతుంది.

రెండవది వంచదగిన రకం. ఇందులో రెండు దండాలు మాత్రమే ఉంటాయి. బిగువు ఎల్లప్పుడూ ఉంటుంది; అవసరాన్నిబట్టి శిశ్నాన్ని పైకి నిలపడం, కిందికి వంచడం చేయాలి. యంత్రభాగాలు లేనందున చెడిపోయే అవకాశం తక్కువ, ఖర్చూ తక్కువ. చేతివేళ్ల పట్టు సన్నగిల్లినవారికి ఇది అనుకూలం. ముంబైకి చెందిన రూపిన్ షా రూపొందించిన ఈ రకపు ఇంప్లాంటు భారతదేశంలో వాడుకలో ఉంది. తెలుగునాట హైదరాబాదులో ఆండ్రోమెడా కేంద్రాన్ని నెలకొల్పిన సుధాకర్ కృష్ణమూర్తి ఆండ్రాలజీని ప్రత్యేక వైద్యశాఖగా పరిచయం చేసినవారిలో ఒకరు.

5. శస్త్రచికిత్స విధానం

వెన్నుకు మత్తు ఇచ్చి గాని, పూర్తి మత్తులో గాని ఈ శస్త్రచికిత్స చేస్తారు. శిశ్నం, వృషణాల సంచి కలిసే చోట లేదా పొత్తికడుపు దిగువన చిన్న కోత పెడతారు. స్పంజి గొట్టాలను తెరచి, వెడల్పు చేసి, కొలత తీసుకొని, సరిపోయే పరికరాన్ని అమర్చుతారు. బయటికి ఏ భాగమూ కనిపించదు. గాయం మానిన తరువాత, సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలకు, పంపు వాడకాన్ని నేర్పుతారు.

అన్నిటికంటే భయపడవలసింది సూక్ష్మజీవుల సంక్రమణ. తొలిసారి చేసిన శస్త్రచికిత్సలలో ఇది అరుదే. అయినా సోకితే సాధారణంగా పరికరం మొత్తాన్ని తొలగించవలసి వస్తుంది. అందువల్ల చక్కెరను ముందుగా అదుపులోకి తేవడం, చర్మశుభ్రత, గాయం దగ్గర ఎరుపు, చీము, జ్వరం కనిపించిన వెంటనే శస్త్రవైద్యుని సంప్రదించడం అత్యవసరం. ద్రవపు పరికరం ఏళ్ల తరబడి పనిచేసినా, ఎప్పటికైనా మరమ్మతు లేదా మార్పిడి అవసరం కావచ్చు.

6. ఇచ్చేది – ఇవ్వనిది

ఇంప్లాంటు ఇచ్చేది సంభోగానికి చాలినంత బిగువు మాత్రమే. స్పర్శజ్ఞానం, భావప్రాప్తి, స్ఖలనం అంతకుముందు ఉన్నట్లయితే సాధారణంగా కొనసాగుతాయి. ఇది కోరికను పుట్టించదు, పొడవును పెంచదు, మధుమేహాన్ని నయం చేయదు, కుటుంబ కలహాలను తీర్చదు. శిశ్న అగ్రభాగం మునుపటివలె ఉబ్బకపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది, సహజమైన స్పంజి కణజాలం ఈ ప్రక్రియలో దెబ్బతింటుంది. తరువాత పరికరాన్ని తీసివేసినా మునుపటి సహజ స్తంభన తిరిగి వస్తుందని ఆశించలేము. కనుకనే ఇది చివరి మెట్టు.

ఈ వాస్తవాన్ని దంపతులిద్దరికీ తెలుగులో, వారికి అర్థమయ్యే మాటలలో చెప్పినపుడే సమ్మతి పత్రంపై సంతకానికి విలువ ఉంటుంది. భార్యకు తెలియకుండా భర్త ఒక్కడే తీసుకునే నిర్ణయం తరువాతి కాలంలో అసంతృప్తికి దారితీయవచ్చు.

7. ముగింపు

శిశ్న ఇంప్లాంటు తగిన వ్యక్తికి తగిన సమయంలో అమర్చితే మేలు చేసే చికిత్స. ఆ సమయాన్ని గుర్తించడం ఆపరేషన్ గదిలో కాక, షుగరు పరీక్షకు వచ్చిన రోగిని వైద్యుడు ఈ సంగతి కూడా అడగడంతో మొదలవుతుంది. కొడవలూరు రైతు తన బాధను ‘నరాల బలహీనత’ అనకుండా, ‘షుగరు వల్ల వచ్చిన ఇబ్బంది’ అని చెప్పగలిగిన నాడు అతనికి మాత్ర చాలునో, శస్త్రచికిత్స కావాలో తేల్చడం సులభమవుతుంది. అప్పటికి అతని గుండె పరీక్ష కూడా జరిగి ఉంటుంది.