కంప్యూటర్ కాదంటే... కారణం అడగొద్దా?

రిక్షా తొక్కి సంసారాన్ని లాగిన మనిషికి కారుందట! హైదరాబాద్‌లో ఒక పేద కుటుంబం గురించి 2021లో కంప్యూటర్ చెప్పిన మాట ఇది. కారున్న ఇంటికి రేషన్ ఎందుకన్నట్టు ఆ కుటుంబానికి సరుకులు దక్కలేదు. తీరా చూస్తే ఆ కారు దాదాపు అదే పేరున్న ఇంకెవరిదో. భర్త పోయాక వెల్లుల్లి పొట్టు తీసి పొట్ట పోసుకుంటున్న ఆ ఇల్లాలు ‘కారు మాది కాదు మొర్రో’ అని ఎవరితో చెప్పుకోవాలి?

ఆమె మాట విని, తప్పు ఎక్కడ జరిగిందో వెతికినవాళ్లు ముగ్గురు. తపస్య, కుమార్ సంభవ్, దివిజ్ జోషి. రిపోర్టర్స్ కలెక్టివ్ తరఫున వాళ్లు రాసిన కథనం 2024 జనవరిలో అల్‌జజీరాలో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం వాడిన ‘సమగ్ర వేదిక’ పలు శాఖల దగ్గరున్న వివరాలను జోడించి ఎవరికి ఏముందో తేల్చే పద్ధతి. పేర్లు కలిస్తే మనుషులూ ఒకరే అనుకుంటే ఏమవుతుందో ఆ ఇల్లాలి కథ చెబుతుంది.

రాష్ట్రంలో 2014 నుంచి 2019 దాకా 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇల్లిల్లూ తిరిగి చూడమంది. ఆ జులై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవేనని తేలింది. అంటే నూటికి ఏడుకు పైనే!

ఖర్చు ఎవరు పెట్టారు?

ఇలాంటి కథనం ఒక పూటలో తయారయ్యేది కాదు. బస్తీలు తిరగాలి, సమాచార హక్కు కింద అర్జీలు పెట్టాలి, లెక్కలు సరిచూడాలి. నెలల తరబడి జీతం, దారి ఖర్చులు ఎవరిస్తారు? ఈ కథనానికి ఆసరా అయింది అమెరికాలోని పులిట్జర్ సెంటర్. (పులిట్జర్ బహుమతులిచ్చేది వేరే సంస్థ సుమండీ!) ఏఐ సమాజంలో ఏం చేస్తోందో నిలదీసే పాత్రికేయుల కోసం 2022లో ఈ సెంటర్ ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు మొదలుపెట్టింది. ఎంపికైనవారికి దాదాపు పది నెలల పనికి 20 వేల డాలర్ల దాకా సాయం. ఇతర దేశాలవారూ అడగొచ్చు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ సంగతి చూడండి. ప్రభుత్వ సాయం పొందేవారిలో మోసం చేసేదెవరో పసిగట్టడానికి ఆ నగరం ఒక అల్గారిథమ్ వాడింది. ఆడమనిషైతే అనుమానపు మార్కులు ఎక్కువ. పిల్లల తల్లయితే ఇంకొంచెం. డచ్ భాష సరిగా రాకపోతే మరికొంత! 2021లో నగరం దాన్ని ఆపేసింది. 2023లో లైట్‌హౌస్ రిపోర్ట్స్, వైర్డ్ పత్రిక ఆ లెక్కంతా విప్పి చూపించాయి. ఆ పనికీ పులిట్జర్ సెంటర్ అండ ఉంది.

పరిశోధనకూ దారులున్నాయి

2018లో జాయ్ బులమ్‌వినీ, టిమ్‌నిట్ గెబ్రూ అనే ఇద్దరు మహిళలు ముఖం చూసి ఆడా మగా అని చెప్పే కంప్యూటర్లను పరీక్షించారు. తెల్లని మగవారి విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. నల్లని ఆడవారి దగ్గరికొచ్చేసరికి ఒక కంపెనీ యంత్రంలో నూటికి 34కు పైగా తప్పులే! గూగుల్‌లో పనిచేసిన గెబ్రూ, బయటికొచ్చాక 2021 డిసెంబరులో డెయిర్ అనే సొంత పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. మెకార్థర్, ఫోర్డ్ ఫౌండేషన్ల వంటివి కలిసి 37 లక్షల డాలర్లు ఇచ్చాయి. కంపెనీ జీతం తీసుకుంటూ కంపెనీని ప్రశ్నించడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

మీరూ అడగొచ్చు

‘ఇవన్నీ పెద్ద పెద్దవాళ్లకి, మనకెందుకులే’ అనుకోకండి. మీ వీధిలో ఎవరి పింఛను ఆగిందో, వేలిముద్ర పడక ఎవరు తిరిగి వెళ్లారో మీకు తెలిసినంతగా వాషింగ్టన్‌లో ఉన్నవారికి తెలియదు. పత్రికలకు రాసే అలవాటున్నా, కాలేజీలో పరిశోధన చేస్తున్నా ప్రయత్నించండి.

* ‘ఏఐ వల్ల సమాజంపై ప్రభావం’ అని పెద్దగా రాయొద్దు. ‘మా మండలంలో ఈ కార్డు ఎందుకు రద్దయింది?’ అని ఒక్క ప్రశ్న అడగండి.

* ఎవరికి నష్టం జరిగింది, ఏ కాగితాలు చూడాలి, ఎన్ని నెలలు పడుతుంది... ఒక పేజీలో చెప్పండి.

* ఖర్చుల పట్టికలో దారి ఖర్చులు, అనువాదం, వకీలు సలహా కూడా వేసుకోండి. మీ కూలి మరిచిపోకండి! ఆడవాళ్లం అదే మరిచిపోతాం.

* మీ కథనాన్ని వేస్తామని ఒక పత్రిక చేత ముందే ఉత్తరం రాయించుకుంటే బలం.

* సమాచార హక్కు అర్జీకి కేంద్ర కార్యాలయాల్లో రుసుము పది రూపాయలే. గ్రాంటు వచ్చేదాకా ఆగకుండా అది ముందే పెట్టేయండి.

* ఆ డబ్బు ఎవరిదో, రాసేదాంట్లో వాళ్లు వేలు పెడతారేమో అడిగి తెలుసుకోండి. ఏఐ తయారుచేసే కంపెనీలూ గ్రాంట్లిస్తున్నాయి మరి!

* ‘దరఖాస్తుకు ముందు డబ్బు కట్టండి’ అంటే మాత్రం అనుమానించండి.

గడువులు, మొత్తాలు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. మొదటిసారి రాకపోయినా దిగులు పడొద్దు. ఆ ఒక్క పేజీ దాచుకుంటే ఇంకోచోట పనికొస్తుంది.

కంప్యూటర్ ‘కాదు’ అంటే తలవంచుకుని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల తరఫున ‘ఎందుకు కాదు?’ అని అడగడానికి ఇప్పుడు కాస్త డబ్బు కూడా దొరుకుతోంది. అడిగే నోరు మనదే కావాలి.