రాసిన కళ్లే చెమ్మగిల్లితే...

'కాకిపిల్ల కాకికి ముద్దు' అంటూ మనవాళ్లు నవ్వుతుంటారు. తాను రాసిన పాట పాడుతూ తానే గొంతు పూడుకుపోయిన వాణ్ణి చూసినా, తన ప్రసంగానికి తానే కళ్లు తుడుచుకునే బోధకుణ్ణి చూసినా మనకు ఆ సామెతే గుర్తొస్తుంది. విశ్వాసి తనను తాను తగ్గించుకోవాలి కదా, తన రాతను తానే ప్రేమించడం గర్వం కాదా అని అనుమానిస్తాం. ఆ భయంతోనే, రాసింది మన మనసును తాకినా ఆ మాట పైకి చెప్పం.

అయితే అపొస్తలుడైన పౌలు ఆ మాట దాచుకోలేదు. కొరింథు సంఘానికి ఒక లేఖను ఎంతో మనోవేదనతో, కన్నీళ్లు విడుస్తూ రాశానని తానే చెప్పాడు (2 కొరింథీ 2:4). తన భాషాపాండిత్యానికి మురిసిపోయి కార్చిన కన్నీళ్లు కావవి. ఆ సంఘం మీద తనకున్న ప్రేమ వాళ్లకు తెలియాలనే రాశాడు.

అమెరికా రచయిత్రి హారియెట్ బీచర్ స్టో జీవితంలోనూ ఇదే చూస్తాం. ఆమె ప్రసంగీకుని కుమార్తె, వేదాంత పండితుని భార్య. 1849లో సిన్సినాటిలో ప్రబలిన కలరా ఆమె ఏడాదిన్నర పసివాణ్ణి బలి తీసుకుంది. బిడ్డను లాక్కుని అమ్మేస్తే బానిస తల్లి కడుపు ఎలా రగులుతుందో ఆ సమాధి దగ్గరే తనకు అర్థమైందని ఆమె తర్వాత రాసుకున్నారు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే చట్టం 1850లో వచ్చింది. బైబిలు చేతపట్టుకునే బానిసత్వాన్ని సమర్థించిన బోధకులున్న రోజులవి. 1851లో బ్రన్స్‌విక్ పట్టణంలో ప్రభురాత్రి భోజన ఆరాధనలో కూర్చుని ఉండగా, దెబ్బలకు ప్రాణం విడుస్తున్న ఒక వృద్ధ బానిస ఆమె కళ్లముందు కదిలాడు. ఇంటికెళ్లి ఆ ఘట్టం రాసి పిల్లలకు చదివి వినిపిస్తే వాళ్లు వెక్కివెక్కి ఏడ్చారని ఆమె కుటుంబీకులు చెప్పారు. అదే 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవలకు నాంది. 1852లో పుస్తకంగా వెలువడి, తొలి ఏడాదే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. ముందు ఆమె గుండెను పిండిన కథే తర్వాత లక్షల గుండెల్ని కదిలించింది.

మరి గర్వం ఎక్కడుంది? బబులోను మేడమీద తిరుగుతూ నెబుకద్నెజరు తన కట్టడాన్ని చూసి, అందులో తన ప్రభావాన్నే చూసుకున్నాడు (దానియేలు 4:30). దేవుడు కూడా తాను చేసినదంతా చూసి చాలా మంచిదిగా ఎంచాడు (ఆది 1:31). కానీ ఆ మంచి లోకాన్ని తన దగ్గరే ఉంచుకోక మనిషి చేతికి అప్పగించాడు. ఇద్దరూ తమ పనిని ఇష్టంగానే చూశారు. రాజు చూపు తన దగ్గరే ఆగిపోయింది, దేవుని ప్రేమ మన దాకా వచ్చింది.

కాబట్టి పాట రాసే సోదరుడా, సండేస్కూలు పిల్లలకు నాటిక రాసే సోదరీ! నీ వాక్యం నిన్నే ఏడిపిస్తే సిగ్గుపడకు. ఆ కన్నీరు ఎవరికోసమని మాత్రం ప్రశ్నించుకో. అది ఎదుటివాని గాయం కోసమైతే కొట్టివేయక ఆ వాక్యాన్ని ఉండనివ్వు. మనల్ని తాకని మాటతో ఇతరులను తాకాలనుకోవడం ఆరిన దీపంతో మరో దీపం వెలిగించాలనుకోవడమే!