ఇల్లంతా వైరింగ్ మార్పించా.. పైసలు ఎక్కడ మిగిలాయంటే?

మా అమ్మ వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసేటప్పుడు చెక్క పీట మీద నిలబడుతుంది. కాళ్లకు చెప్పులు కూడా ఉంటాయి. ఎందుకమ్మా అని అడిగితే, ‘చేతికి జిల్లుమంటది బిడ్డా, గీ పీట మీదుంటే ఏం కాదు’ అంది. మూడేళ్ల నుంచి ఇదే తంతట! పక్క గదిలో కూర్చుని కోడ్ రాసుకునే నాకు తెలిసింది మాత్రం మొన్న ఎండాకాలంలోనే.

మాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. నాన్న 1996లో కట్టించిన స్లాబు ఇల్లు. హాలు, రెండు బెడ్రూములు, వంటగది.. అంతా కలిపి 1,100 చదరపు అడుగులు. నాలుగు ఫ్యాన్లు, ఆరు ట్యూబ్‌లైట్లు, ఒక టీవీ కోసం అప్పట్లో అల్యూమినియం వైర్లు వేయించారు. ఇప్పుడు వాటి మీదే ఏసీ, గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, నా రెండు మానిటర్లు నడుస్తున్నాయి. సాకెట్లకు మూడు రంధ్రాలైతే ఉన్నాయి. కానీ పైనున్న పెద్ద రంధ్రం వెనక వైరే లేదు. అంటే ఎర్తింగ్ పేరుకే!

మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ సామానుతో కలిపి 1,85,000 రూపాయలు అన్నాడు. నాన్న గుండె గుభేల్‌మంది. ‘ముప్పై ఏండ్ల సంది నడుస్తలేదారా? ఇప్పుడేమైతది?’ అన్నారు. రెండో ఆయన వచ్చి, ‘హాలు, కిచెన్ వరకు కొత్త కాపర్ వేసి, పాత వైర్‌కు కలిపి టేప్ చుడదాం. 40 వేలల్ల అయిపోతది’ అన్నాడు. నిజం చెప్పాలంటే నేను సగం ఒప్పుకున్నా. ఆ రాత్రి కొంచెం చదివాక వద్దనుకున్నా. వేడికి రాగి ఒకలా సాగుతుంది, అల్యూమినియం ఇంకోలా సాగుతుంది. రెండింటినీ మెలిపెట్టి టేప్ చుడితే కొన్నాళ్లకు జాయింట్ వదులవుతుంది. తేమ తగిలితే తుప్పు పడుతుంది. వదులైన జాయింట్ వేడెక్కుతుంది. అదంతా జరిగేది స్విచ్‌బోర్డు వెనక, మనకు కనిపించని చోట.

నాది సీఎస్ఈ. బేసిక్ ఎలక్ట్రికల్ పేపర్‌ని ఫస్టియర్‌లో ఎలాగో గట్టెక్కించిన బాపతు. కానీ స్ప్రెడ్‌షీట్ వేయడం మాత్రం బాగా వచ్చు. రెండు కాలమ్స్ పెట్టా. ఒకటి ‘ఇక్కడ తగ్గించొచ్చు’, రెండోది ‘ఇక్కడ ముట్టుకోవద్దు’.

తగ్గించినవి ఇవీ..

పాయింట్లు: ఎలక్ట్రీషియన్ కూలీ లెక్కగట్టేది పాయింట్లను బట్టే. మొదటి కొటేషన్‌లో 64 ఉన్నాయి. చాక్‌పీస్ పట్టుకుని అమ్మతో కలిసి ఇల్లంతా తిరిగా. మంచం ఎక్కడ, మిక్సీ ఎక్కడ, ఫోన్ చార్జింగ్ ఎక్కడ అని గోడల మీద గుర్తులు పెట్టాం. మంచం వెనక దాక్కునే సాకెట్లు, ఎవరూ వేయని అలంకార లైట్లు కొట్టేస్తే 49కి వచ్చింది. అమ్మ అడిగిన రెండు కొత్తవి కూడా అందులోనే ఉన్నాయి.

పాత పైపులు: స్లాబులో, గోడల్లో పైపులు బాగానే ఉన్నాయి. పాత తీగ చివరకు కొత్త తీగ కట్టి అటు నుంచి లాగితే చాలావరకు సాఫీగా వచ్చేసింది. మూడు చోట్ల పైపు పూడుకుపోయింది. అక్కడ గోడ పగలగొట్టకుండా పైనుంచి పీవీసీ పట్టీ వేయించా. అందం కాస్త తగ్గింది కానీ సిమెంటు పని, మేస్త్రీ కూలీ మిగిలాయి. రంగులు వేయించే ముందే ఈ పని పెట్టుకోవడం వల్ల గోడలకు రెండుసార్లు ఖర్చు పడలేదు.

సామాను: మేడ్చల్‌లో రేట్లు రాసుకుని, కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌లో కూడా కనుక్కున్నా. వైర్ కాయిల్ మీద ముద్రించిన ధర ఎవరూ ఇవ్వరు. దాని మీద ఎంత శాతం తగ్గిస్తారన్నదే బేరం. ఒకే కంపెనీ, ఒకే సైజు కాయిల్‌కు మూడు షాపుల్లో మూడు రేట్లు చెప్పారు. సీలు తీయని కాయిల్స్ వాపసు తీసుకోవాలని ముందే మాట్లాడుకుని, జీఎస్టీ బిల్లుతో కొన్నా. రెండు కాయిల్స్ నిజంగానే వాపసు ఇచ్చా. ఐఎస్ఐ మార్కు దగ్గరుండే సీఎం/ఎల్ నంబర్‌ను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరిదో చూపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

నా కూలీ: మెయిన్ ఆపేసి, కరెంట్ లేదని ఎలక్ట్రీషియన్ అన్న టెస్టర్‌తో చూసి చెప్పాకే పాత బోర్డులు విప్పా. చెత్త మోశా, ప్రతి వైర్‌కూ పేరు రాసి అంటించా. కనెక్షన్ల జోలికి మాత్రం పోలేదు. మీరూ పోవద్దు!

ఇక ముట్టుకోనివి..

వైర్ మందం: లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం, సాకెట్లకు 2.5, ఏసీకి, గీజర్‌కు విడివిడిగా 4. లెక్క సింపుల్. 2,000 వాట్ల గీజర్‌ను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. అదే వైర్ మీద ఇస్త్రీపెట్టె, ఓవెన్ కూడా పడితే? అందుకే ఎంసీబీ కూడా వైర్‌కు తగ్గట్టే ఉండాలి. మా ఇంట్లో ఈ మూడు సైజులకు వరుసగా 10, 16, 20 ఆంపియర్లవి పెట్టారు. మాటిమాటికీ పడిపోతోందని పెద్ద ఎంసీబీ వేయిస్తే అది ఊరుకుంటుంది, వైర్ కాలుతుంది.

ఎర్తింగ్: బోరు పక్కన, నేల తడిగా ఉండే చోట గుంత తీసి కొత్త ఎర్త్ పైపు దించాం, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపాం. అక్కడి నుంచి ప్రతి సాకెట్‌కూ ఆకుపచ్చ వైర్ లాగించా.

ఆర్‌సీసీబీ: చాలామంది ‘ఎంసీబీ ఉందిగా’ అంటారు. నేనూ అదే అనుకున్నా. ఎంసీబీ చూసేది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌లను. మనిషి ఒంట్లోంచి ప్రాణం తీసేంత కరెంట్ పోయినా 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ అయితే ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే కరెంట్ ఆపేస్తుంది. అంటే 16 ఆంపియర్లలో ఐదు వందలో వంతు కన్నా తక్కువ! ఇది ఎంసీబీకి బదులు కాదు, రెండూ ఉండాలి.

ఇంకోటి. స్మార్ట్ స్విచ్‌లు ఇప్పుడు కొనలేదు. కానీ వాటిలో చాలావాటికి న్యూట్రల్ కావాలి కాబట్టి ప్రతి స్విచ్ డబ్బాలోకీ న్యూట్రల్ వైర్ వేయించి వదిలేశా. ఇప్పుడైతే కొన్ని మీటర్ల వైరు ఖర్చే. తర్వాతైతే మళ్లీ లాగాల్సిందే.

చివరికి లెక్క ఇలా తేలింది. వైర్లు 46 వేలు, స్విచ్‌లు, డబ్బాలు 22 వేలు, డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఎంసీబీలు, ఆర్‌సీసీబీ 9 వేలు, ఎర్తింగ్ 6 వేలు, ఎలక్ట్రీషియన్ కూలీ 27 వేలు, మేస్త్రీ పని 6 వేలు. మొత్తం 1,16,000. మొదటి కొటేషన్ కన్నా 69 వేలు తక్కువ. రాగి ధర మారుతూ ఉంటుంది కాబట్టి మీ లెక్క వేరేలా రావచ్చు. కానీ ఏది తగ్గించాలి, ఏది వద్దు అన్నది మాత్రం మారదు. పని అయ్యాక డబ్బులు చేతిలో పెట్టే ముందు మెగ్గర్‌తో ఇన్సులేషన్ టెస్ట్ చేయించండి. కొత్తగా ఏసీ, గీజర్ పెడితే కరెంట్ బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూసుకోండి. చాలకపోతే అదనపు లోడ్‌కు దరఖాస్తు చేయాలి.

కొత్త వైరింగ్ మీద మొదటి రోజు. అమ్మ వాషింగ్ మెషీన్ స్విచ్ వేసింది. టప్‌మని ఇల్లంతా కరెంట్ పోయింది. ‘లక్ష పోసి ఉన్న కరెంట్ పోగొట్టినవ్ కదరా’ అంది. మళ్లీ ఆన్ చేశాం. మళ్లీ పడింది. మెషీన్ ప్లగ్గు తీసేస్తే అంతా మామూలే. మెకానిక్ వచ్చి విప్పి చూస్తే, లోపల మోటారు వైర్ ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. 1,200 రూపాయల రిపేరు.

అంటే మూడేళ్లుగా ఆ కరెంట్ లీకవుతూనే ఉంది. పోవడానికి వేరే దారి లేక, అమ్మ చేతి కోసం కాచుకుని కూర్చుంది. మధ్యలో ఉన్నది ఒక చెక్క పీట, ఒక జత చెప్పులు.. అంతే.

నాన్న ఏమీ అనలేదు. ఆర్‌సీసీబీ మీదున్న చిన్న టెస్ట్ బటన్ దేనికని అడిగారు. అది నొక్కితే పడిపోవాలి, పడకపోతే పాడైనట్టు అని చెప్పా. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున దాన్ని నొక్కేది ఆయనే. పీట మాత్రం పూజగదిలోకి మారింది.