బిడ్డకు మెడ నిలవకుంటే దిష్టి అనుకోవద్దు

నాలుగు నెలలు నిండినా పసిబిడ్డకు మెడ నిలవదు. కాళ్లు ఆడించదు. ఏడుపు సన్నగా వస్తుంది. పాలు తాగుతూనే అలసిపోతుంది. కళ్లలో చురుకు మాత్రం తగ్గదు, పలకరిస్తే నవ్వుతుంది. దిష్టి అని తాయెత్తు కట్టేవారు, బలం చాలలేదని నూనె మర్దనాతో సరిపెట్టేవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. కాని ఇది వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోయే జబ్బు కావచ్చు. వైద్యులు ఎస్.ఎం.ఏ. అంటారు. సుమారు పదివేల కాన్పులకు ఒక బిడ్డకు వస్తుంది. తీవ్రమైన రకంలో వైద్యం అందకపోతే బిడ్డ రెండేళ్లు దాటడం అరుదు.

దీనికి మూలం ఎస్.ఎం.ఎన్.1 అనే జన్యువు. 1995లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఈ జన్యువు వల్ల తయారయ్యే మాంసకృత్తు జీవకణం నడుమనున్న కేంద్రకంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. దాని పని తెలియాలంటే తహసీల్దారు కచేరీని తలచుకోవాలి. అసలు దస్త్రం బీరువా దాటదు. అడిగినవారికి నకలు ఇస్తారు. కేంద్రకంలో డి.ఎన్.ఏ. అసలు దస్త్రం, ఆర్.ఎన్.ఏ. దాని నకలు. బయటికి పోయే ముందు నకలులో అక్కరలేని భాగాలు కత్తిరించి, మిగిలిన ముక్కలు అతికించాలి. ఆ కత్తెరలను అమర్చిపెట్టేది ఈ మాంసకృత్తే.

చిత్రమేమంటే, ఈ జన్యువుకు ఎస్.ఎం.ఎన్.2 అనే జోడీ కూడా మనిషిలో ఉంది. కాని దాని ఏడో ముక్కలో ఒక్క అక్షరం తేడా. అందువల్ల నకలు కత్తిరించేటప్పుడు ఆ ముక్క జారిపోతుంది. పనికొచ్చే మాంసకృత్తు పదింట ఒక పాలే దక్కుతుంది. ఆ ముక్క జారకుండా చూసే మందులు రెండున్నాయి. 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినెర్సెన్‌ను వెన్నులోకి ఎక్కిస్తారు. 2020లో వచ్చిన రిస్డిప్లామ్ నోటితో తాగేది. మంచి జన్యువునే ఒంట్లోకి పంపే 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ ఇంకొకటి. దానికోసం చందాలు అడిగిన తల్లిదండ్రులను హైదరాబాదులోనూ చూశాం.

రిస్డిప్లామ్ సీసా ఒక్కటి ఆరు లక్షలకు పైగా ఉండేది. పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ 2025 అక్టోబరులో అదే మందును సీసా రూ. 15,900కు తెచ్చింది. అయినా పేదవాడికి తేలిక కాదు. ఇరవై కిలోలు దాటిన బిడ్డకు సీసా పన్నెండు రోజులే వస్తుంది, మందు జీవితాంతం వాడాలి. చచ్చిన నరం తిరిగి రాదు గనుక ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవారికి ఏ బాధా ఉండదు, ఉన్నట్టు తెలియదు కూడా. అలాంటివారు సుమారు యాభై మందిలో ఒకరు. కనుక బయటి సంబంధాల్లోనూ ఈ జబ్బు రావచ్చు. మేనరికంలో లెక్క మారుతుంది. మేనమామకు ఆ లోపం ఉంటే అక్క కూతురికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య ఎనిమిదింట ఒకటి. దంపతులిద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ముందు బిడ్డకు వచ్చింది గనుక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు.

ఆలుమగల రక్తపరీక్షతో చాలామటుకు లోపం తేలుతుంది. గర్భం తొలి నెలల్లోనే బిడ్డ సంగతీ తెలుసుకోవచ్చు. అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదు నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి నడిపేది ఒకటి. ఇలాంటి కేంద్రాల ద్వారా ఇచ్చే సాయం పరిమితిని 2022లో రూ. 50 లక్షలకు పెంచారు.