వామనగుంటల పీట: వస్తువు మిగిలి, ఆట మరుగైన తీరు

వ్యాససంగ్రహం: తెలుగువారి గృహజీవనంలో ఒకప్పుడు నిత్యం కనిపించిన వామనగుంటల పీట నేడు ప్రదర్శనవస్తువుగా మిగిలింది. ఆట నియమాలను నమోదు చేయకుండా పీటను మాత్రమే భద్రపరచడం వల్ల కలిగే నష్టాన్ని ఒక లెక్క ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వామనగుంటలు, భౌతిక సంస్కృతి, జానపద క్రీడలు, మౌఖిక నియమాలు.

వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల్లో 14 గుంటలు తొలిచిన చెక్కపలకే వామనగుంటల పీట. మధ్యలో మడతబందు అమర్చి చేపాకారంలో చెక్కినవీ ఉన్నాయి. పీట లేని ఇంట నేలమీద గుంటలు తవ్వుకొని ఆడేవారు. చింతగింజలు, గవ్వలు, గురివింద గింజలు ఆటకు చాలు. ప్రధానంగా స్త్రీలూ పిల్లలూ మధ్యాహ్నపు తీరికవేళల్లో ఆడుకొన్న ఆట ఇది. ‘ఓమనగుంటలు’ అనే రూపాంతరం కూడా వాడుకలో ఉంది. దానిని పక్కన పెట్టి పేరును నేరుగా వామనావతారంతో ముడిపెట్టడం తొందరపాటే.

ఇది తెలుగునాటికే పరిమితం కాదు. తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళిమణె, తుళునాటి చెన్నెమణె దీనికి తోబుట్టువులు. ఆఫ్రికా, అరబ్బు దేశాల ఆటలతో కలిపి పరిశోధకులు ఈ కుటుంబాన్ని ‘మంకాలా’ అంటారు. హెచ్.జె.ఆర్. మర్రే 1952లో వెలువరించిన పీటాటల చరిత్రలో ఈ వర్గానికి విస్తృతమైన చోటిచ్చాడు. హంపి వంటి చోట్ల రాతినేలపై తొలిచిన ఆటపలకలు కనిపిస్తాయి. అయితే మండపం కట్టిన కాలమే గుంటలు తొలిచిన కాలమని భావించరాదు. ఉలి చేతనున్నవాడు ఎప్పుడైనా తొలచవచ్చు.

ఒక ఆటపద్ధతిని చూద్దాం. ఆడేవారు తమ వరుసలోని ఒక గుంటలో గింజలన్నీ తీసి, వరుసగా తరువాతి గుంటల్లో ఒక్కొక్కటి వేస్తారు. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి కొనసాగిస్తారు. అలా తీయబోయిన గుంట ఖాళీగా ఉంటే, దాని తరువాతి గుంటలో ఉన్నవి వారికి దక్కుతాయి.

గుంటకు 5 చొప్పున 70 గింజలతో మొదలుపెట్టామనుకొందాం. ఆట ఆరంభించిన గుంటను ఒకటవదిగా లెక్కిస్తే, ఆడేవారి చేయి 1, 7, 13, 5, 12 గుంటల్లో గింజలు తీస్తుంది. ఆపై 5వ గుంట ఖాళీగా ఎదురై, 6వ గుంటలోని 7 గింజలు దక్కుతాయి. గుంటకు 4 చొప్పున 56 గింజలతో మొదలుపెడితే దారి పూర్తిగా మారిపోతుంది. 1, 6, 11, 2, 8, 14, 6 గుంటల మీదుగా సాగి, 8వది ఖాళీగా ఎదురుకాగా, 9వ గుంటలోని 6 గింజలు మాత్రమే దక్కుతాయి. గుంటలన్నీ మొదట సమానంగా ఉంటాయి కనుక, తొలి ఎత్తు ఎక్కడ మొదలుపెట్టినా రాబడి మారదు; అసలు ఎంపిక రెండో ఎత్తు నుంచే మొదలవుతుంది. ఎదుటివారికి ఏ గుంట నిండుగా మిగులుతుందో ముందే చూడగలిగిన స్త్రీకి బడిచదువు లేకపోవచ్చు. లెక్క రాదనడం మాత్రం పొరపాటు.

గింజల సంఖ్యలో ఒక్కటి మారితేనే ఆట ఇంతగా మారుతున్నప్పుడు, కలప, కొలతలు, గుంటల సంఖ్య మాత్రమే రాసే వస్తువివరణ పత్రం ఆటను గురించి చెప్పేది బహుస్వల్పం. గుంటకు ఎన్ని గింజలు, ఖాళీ ఎదురైతే ఏమి దక్కుతుంది, ఎత్తు ఎక్కడ ముగుస్తుంది, ఓడినవారు తరువాతి ఆటలో తమ గుంటలను ఎలా నింపుతారు అనే అంశాలు పీటపై చెక్కి ఉండవు. అవి ఆడినవారి జ్ఞాపకంలోనే ఉన్నాయి. అచ్చులో వచ్చే ‘ప్రామాణిక’ నియమాలు ఇంటింటి భేదాలను తుడిచివేస్తాయి కనుక వాటిపై ఆధారపడటం కూడా క్షేమం కాదు.

క్షేత్రపర్యటనలో నియమాలు చెప్పమని వృద్ధులను అడిగితే రెండు మూడు మాటలకు మించి రావు. పీటా గింజలూ వెంట తీసుకువెళ్లి, ఎదురుగా కూర్చొని ఆడటం మేలు. పరిశోధకుడు తప్పు ఎత్తు వేసినప్పుడు “అట్లా కాదు నాయనా” అంటూ ఆ అవ్వ చేయి అడ్డుపెట్టిన చోటే నియమం బయటపడుతుంది. నమోదు చేయవలసింది ఆ క్షణాన్నే.