పడవ ముక్కుకు మోటారు ఎందుకు?

పిల్లలూ! మరపడవను మీరు చూసే ఉంటారు. దాని ఇంజను ఎక్కడ ఉంటుంది? వెనుక. గోదావరి మీద తిరిగే లాంచీకైనా, సముద్రంలో వేటకు వెళ్ళే చిన్న పడవకైనా నీటిని తోసే మర రెక్కలు వెనుకవైపే ఉంటాయి. కాని అమెరికాలో సరస్సుల మీద గాలం వేసేవారి పడవల ఫొటోలు చూస్తే ఒక వింత కనబడుతుంది. వెనుక పెద్ద పెట్రోలు ఇంజను ఉండగానే, ముందు కొసన మరొక చిన్న మోటారు పొడవాటి గొట్టం చివర నీటిలోకి దిగి ఉంటుంది. దీనిని ట్రోలింగ్ మోటారు అంటారు. గాలానికి ఎర తగిలించి, పడవను నెమ్మదిగా పోనిస్తూ ఆ ఎరను నీటిలో వెంట లాగడమే ట్రోలింగ్. మన కాకినాడ, విశాఖపట్నం రేవుల్లోని ట్రాలర్లు వలను ఈడ్చేవి. ఆ ట్రాలింగ్ వేరు, ఈ ట్రోలింగ్ వేరు.

1934లో అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో, ఫార్గో అనే ఊళ్ళో ఓ. జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డు కారు స్టార్టర్ మోటారు తీసుకొని, దానికి ఒక ఇరుసు, మర రెక్కలు తగిలించి పడవకు కట్టాడు. ఆ ఊరు మిన్నెసోటా రాష్ట్రపు పొలిమేరలో ఉంది. అందుకే రెండు రాష్ట్రాల పేర్లు కలిపి ఆయన కంపెనీకి మిన్ కోటా అనే పేరు వచ్చింది. బ్యాటరీతో నడిచే మోటారు చప్పుడు చేయదు. చేపలు బెదరవు. ఎంత నెమ్మదిగానైనా పోవచ్చు. పెట్రోలు ఇంజను చేపలున్న చోటికి తీసుకుపోతుంది. అక్కడినుంచి పని దీనిదే.

సరే, ముందే ఎందుకు కట్టాలి? పడవ ముందు కొసను మన పడవవాళ్ళు అణియం అంటారు, వెనుక కొసను అమరం అంటారు. ఇకమీద మనమూ ఆ మాటలే వాడుకుందాం.

ఈ ప్రశ్నకు నేను చాలా ఏళ్ళు తరగతిలో ఒకటే జవాబు చెప్పాను. "బండిని ఎద్దు ముందునుంచి లాగితే తిన్నగా వస్తుంది. వెనుకనుంచి తోస్తే పక్కకు తిరిగిపోతుంది. పడవా అంతే." ఒకసారి ఒక కుర్రవాడు లేచి, "మరి రాకెట్టును వెనుకనుంచే తోస్తారు గదండీ?" అన్నాడు. ఆ పూట నాకు సమాధానం దొరకలేదు. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే, నేను చెప్పినదానిలో సగమే నిజమని తెలిసింది.

ఇదే పొరపాటు నాకన్న ఎంతో గొప్పవాడు కూడా చేశాడు. 1926 మార్చి 16న రాబర్ట్ గొడ్డార్డ్ ద్రవ ఇంధనంతో నడిచే మొట్టమొదటి రాకెట్టును ఎగరవేశాడు. అందులో ఇంజను పైన, ఇంధనపు తొట్లు కింద అమర్చాడు. పైనుంచి లాగితే రాకెట్టు నిలకడగా పోతుందని ఆయన ఊహ. కాని ఆ అమరికవలన నిలకడ రాలేదు. తరువాతి రాకెట్లలో ఇంజను కిందికి మారింది. ఎందుకో చూడండి. ఇంజనును రాకెట్టుకు కదలకుండా బిగిస్తే, రాకెట్టు ఎటు వాలితే బలం కూడా అటే వాలుతుంది. ఆ బలరేఖ ఎప్పుడూ గరిమనాభి గుండానే పోతుంది. కనుక వాలినదాన్ని సరిచేసే భ్రామకం ఏదీ పుట్టదు. ఇంజను పైన ఉన్నా కింద ఉన్నా ఒకటే.

మరి ఎద్దు సంగతి? ఎద్దు బండికి కదలకుండా బిగించినది కాదు. బండి ఎటు తిరిగినా అది తన దారిన తాను నడవగలదు. అసలు కీలకం ఇక్కడ ఉంది. ట్రోలింగ్ మోటారు కూడా తన గొట్టం మీద ఎటు కావాలంటే అటు తిరగగలదు. అణియం దగ్గర ఉన్న మోటారును ఉత్తరానికి తిప్పి ఉంచామనుకోండి. గాలి కొట్టి పడవ ముక్కు తూర్పుకు జరిగింది. మోటారు మాత్రం ఇంకా ఉత్తరానికే లాగుతున్నది. ఇప్పుడు బలరేఖ గరిమనాభి గుండా పోవడం లేదు, దానికి తూర్పుగా పోతున్నది. అందువలన ముక్కును తిరిగి ఉత్తరానికి తెచ్చే భ్రామకం పుడుతుంది. అదే మోటారు అమరం దగ్గర ఉంటే? ముక్కు తూర్పుకు పోయినప్పుడు అమరం పడమటికి జరుగుతుంది. అక్కడినుంచి ఉత్తరానికి తోస్తే ముక్కు మరింత తూర్పుకు తిరుగుతుంది! కాగితం మీద గీసి చూస్తే మీకే తెలుస్తుంది. నీళ్ళ తొట్టిలో థర్మోకోల్ ముక్కను దారంతో లాగి, తరువాత పెన్సిలు మొనతో వెనుకనుంచి తోసి చూసినా సరే.

మోటారును ఒకే దిక్కుకు తిప్పి ఉంచేది ఎవరు? గాలం వేసేవాడి పాదం. నేలమీది పెడలును కాలితో నొక్కుతూ మోటారును తిప్పుతాడు. చేతులు గాలానికి ఖాళీగా ఉంటాయి. ఈ కాలపు మోటార్లు కొన్నింటిలో దిక్సూచి, ఉపగ్రహాల సంకేతాలు అందుకొనే జీపీఎస్ పరికరం కూడా ఉంటున్నాయి. అవి లంగరు లేకుండానే పడవను ఒక చోట నిలిపి ఉంచుతాయి.

ఇక ఎంత మోటారు కొనాలి? వీటి బలాన్ని అమెరికాలో పౌండ్లలో చెబుతారు. అక్కడివారు వాడే మోటు లెక్క ఒకటి ఉంది: మనుషులు, సామాను, ఇంజనుతో కలిపి పడవ బరువు ప్రతి 100 పౌండ్లకు 2 పౌండ్ల బలం. అంటే బరువులో యాభయ్యో వంతు. 1800 పౌండ్ల పడవకు 36 పౌండ్లు. ఇంత తక్కువ ఎలా సరిపోతుంది? బరువును నీరు మోస్తుంది. మోటారు నీటి నిరోధాన్ని దాటితే చాలు. 36 పౌండ్లంటే సుమారు 160 న్యూటన్లు. పడవ ద్రవ్యరాశి సుమారు 816 కిలోగ్రాములు. త్వరణం సెకనుకు సెకనుకు 0.2 మీటరు. నడక వేగం అందుకోవడానికి కొద్ది సెకన్లు చాలు. అయితే గాలి, ప్రవాహం ఉన్నచోట ఈ లెక్క చాలదు. అలాంటి పడవకు నేనైతే 55 పౌండ్లది చూస్తాను. అంతకు మించినది కొంటే బ్యాటరీల బరువు మోయడమే మిగులుతుంది.

గొట్టం పొడవు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. అలలమీద పడవ ఉయ్యాలబల్లలాగా ఊగుతుంది. మధ్యభాగం కొంచెమే కదులుతుంది. అణియం అందరికన్న ఎక్కువ లేచి పడుతుంది. మర రెక్కలు నీటి పైకి వస్తే గాలిని చిలుకుతాయి తప్ప పడవను లాగవు. కనుక రెక్కలు నీటిమట్టానికి కనీసం ఒక అడుగు లోతున ఉండేటట్లు, అలలకు మరికొంత కలిపి కొలుచుకోవాలి.

ఇప్పుడు బిగింపు. ముందుగా మోటారును పడవమీద ఊరికే పెట్టి, గొట్టాన్ని దించి, ఎత్తి చూడాలి. దించినప్పుడు మోటారు పడవ నడిమి గీతకు వీలైనంత దగ్గరగా ఉండాలి. పడవ ఒంటికి తగలరాదు. ఆ తరువాతే బెజ్జాలు వేయాలి. ఒకసారి వేసిన బెజ్జం మళ్ళీ పూడదు.

కొందరు పలకకు పైనుంచి మరమేకులు బిగించి ఊరుకుంటారు. దానివలన ఏం జరుగుతుందో లెక్కవేద్దాం. 55 పౌండ్లంటే 25 కిలోగ్రాముల భారం. అది పలకకు 1 మీటరు దిగువన పనిచేస్తున్నది. ముందు బోల్టులకు, వెనుక బోల్టులకు మధ్య దూరం 20 సెంటీమీటర్లు అనుకోండి. మొదటి తరగతి తులాదండం సూత్రమే: 25 ను 100 తో గుణించి 20 తో భాగిస్తే 125. అంటే ముందువైపు బోల్టులను 125 కిలోగ్రాముల భారం పైకి పెరకాలని చూస్తుంది. ఇది మామూలుగా నడిచేటప్పుడు. నీటిలో మునిగిన మొద్దుకు కొట్టుకుంటే చెప్పనక్కరలేదు. అందుకే పలకగుండా పూర్తిగా పోయే బోల్టులు వేసి, అడుగున వెడల్పాటి వాషర్లు పెట్టి నట్లు బిగించాలి. అల్యూమినియం పడవలో స్టీలు బోల్టు నేరుగా తగిలితే, తడిలో ఆ రెండూ చిన్న విద్యుత్ ఘటంలాగా పనిచేసి అల్యూమినియం తినివేయబడుతుంది. మధ్యన రబ్బరు గాని, నైలాను గాని వేస్తారు.

అన్నిటికన్న ప్రమాదం తీగలో ఉంది. 55 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో 12 వోల్టుల దగ్గర సుమారు 50 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 600 వాట్లు, ఒక హార్స్ పవరు కూడా లేదు. కాని ప్రవాహం చూడండి! బ్యాటరీ అమరం దగ్గర ఉంటే పోనురాను తీగ 10 మీటర్లు అవుతుంది. మన ఇళ్ళలో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే దాని నిరోధం సుమారు 0.07 ఓమ్. 50 ఆంపియర్లకు 3.5 వోల్టులు తీగలోనే పోతాయి; 175 వాట్ల ఉష్ణం తీగలో పుడుతుంది. పైతొడుగు కరిగిపోతుంది. అదే 16 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది అర వోల్టు మాత్రమే. బ్యాటరీకి ఆనుకొనే ఒక సర్క్యూట్ బ్రేకరు కూడా ఉండాలి. దానిని మోటారు దగ్గర పెడితే, మధ్యలో తీగ ఒరుసుకుపోయి షార్టు అయినప్పుడు అది కాపాడలేదు.

పెద్ద మోటార్లకు రెండు 12 వోల్టుల బ్యాటరీలను శ్రేణిలో కలిపి 24 వోల్టులు ఇస్తారు. పై 600 వాట్లనే 24 వోల్టుల దగ్గర తీసుకుంటే, ఆ సన్నని తీగలో ఎన్ని వాట్ల ఉష్ణం పుడుతుంది? సగం అని తొందరపడి రాయకండి. లెక్క చేసి చూడండి.