‘క్వైట్ గుడ్’ అంటే బాగున్నట్టా... బాలేనట్టా?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. లండన్ క్లయింట్ కోసం ఒక రిపోర్ట్ స్క్రీన్ డిజైన్ చేశాను. మూడు వారాల కష్టం. డాక్యుమెంట్ పంపిన మర్నాడే మెయిల్ వచ్చింది: ‘ఇట్స్ క్వైట్ గుడ్’. దాని కింద రెండు చిన్న ప్రశ్నలు.

నేను ఎగిరి గంతేశాను. అంతకుముందు ఏడాదంతా అమెరికా వాళ్ల ప్రాజెక్టులో ఉన్నా. వాళ్ల నోట ఆ మాట వస్తే మెప్పు కిందే లెక్క. ప్రశ్నలకు చెరో లైన్ జవాబు కొట్టేసి కోడింగ్ మొదలుపెట్టా. అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నా.

రెండు వారాల తర్వాత డెమో. పది నిమిషాలకే అవతలి మేనేజర్ ఆపేశారు. ‘ఇది మేం అప్పుడే అడిగాం కదా’ అన్నారు. ఆ రెండు చిన్న ప్రశ్నలే అసలు విషయమట! సగం స్క్రీన్ మళ్లీ రాశాను. రెండు శనివారాలు ఆఫీసుకే అంకితం.

మా లీడ్ లండన్‌లో నాలుగేళ్లు ఉండొచ్చిన మనిషి. మెయిల్ చూసి నవ్వారు. ‘వాళ్లు నీకు బాగుందని చెప్పలేదయ్యా. బాగానే ఉందని చెప్పారు’ అన్నారు.

ఆ ఒక్క ‘నే’తో నాకు మొత్తం అర్థమైపోయింది. పెళ్లిచూపుల నుంచి వచ్చి ‘అబ్బాయి బాగున్నాడు’ అంటే ముహూర్తాలు చూసుకోవచ్చు. ‘బాగానే ఉన్నాడు’ అంటే ఇంకో సంబంధం వెతుక్కోవాలి. అంతే తేడా.

ఒకే మాట, రెండు కొలతలు

క్వైట్ పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట. వదిలేయడం అనే అర్థమున్న ‘క్విట్’కి చుట్టమే. మొదట్లో దీనర్థం ‘పూర్తిగా’ అనే. ‘ఓ మోస్తరుగా’ అన్న అర్థం శతాబ్దాల తర్వాత చేరింది. ఇప్పుడు రెండూ బతికే ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

పక్కన ఏ మాట ఉందో చూడండి. గుడ్, బిగ్, ఇంట్రెస్టింగ్ లాంటివి ఎక్కువ తక్కువలు ఉండే మాటలు. వాటి ముందు క్వైట్ వస్తే బ్రిటిష్ వాళ్లకు మామూలుగా ‘ఫర్వాలేదు’ అని, అమెరికన్లకు ‘చాలా’ అని. ఇంపాజిబుల్, రైట్ లాంటి వాటిలో సగం సగం ఉండదు కదా. ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే ఎక్కడైనా అస్సలు కుదరదనే.

‘నాట్ క్వైట్’ అంటే దగ్గరికొచ్చింది గానీ ఇంకా కాలేదని. ‘క్వైట్ ఎ ఫ్యూ’లో కొన్ని అన్న మాట ఉన్నా, అర్థం మాత్రం ‘చాలానే’. ఇక బ్రిటిష్ మనిషి మీ మాట విని ‘క్వైట్’ అని ఊరుకుంటే, అవునవునని ఒప్పుకున్నట్టు.

నోటితో చెప్పినప్పుడు కొంత నయం. బ్రిటిష్ వాళ్లు ‘క్వైట్’ని ఒత్తి పలికితే వెనకాల ఒక ‘కానీ’ ఉన్నట్టే. మెయిల్‌కీ చాట్‌కీ ఆ ఒత్తు ఉండదు. అందుకే ఇప్పుడు లండన్ నుంచి ఆ మాట వస్తే పండగ చేసుకోను. ‘మీరైతే ఇందులో ఏం మారుస్తారు?’ అని వెంటనే అడుగుతా. అసలు రివ్యూ అప్పుడు మొదలవుతుంది.

మొన్న ఇంటికెళ్లినప్పుడు అమ్మ అడిగింది, పప్పుచారు ఎలా ఉందని. ఫోన్ చూసుకుంటూ ‘బాగానే ఉందమ్మా’ అన్నాను.

‘ఏరా, ఉప్పు తగ్గిందా?’ అంది వెంటనే.

ఆరోజు క్లయింట్‌ని నేను అడగాల్సింది సరిగ్గా ఆ ప్రశ్నే!